నిచ్చెన మీదుండగా ఫోన్ ఎత్తక్కర్లేదు: ఇంటింటికీ వెళ్లి పనిచేసేవాళ్లకి బుకింగ్‌లు వాటంతటవే నమోదయ్యే పద్ధతి

ఏప్రిల్ ఎండలో పూల్‌బాగ్ కాలనీలో ఓ మేడ మీద నిచ్చెనెక్కి ఏసీ అవుట్‌డోర్ యూనిట్ కడుగుతున్నాను. చేతిలో ప్రెషర్ పంపు గన్ను, జేబులో ఆగకుండా మోగుతున్న ఫోను. ఎత్తితే పని ఆగిపోతుంది, ఎత్తకపోతే అవతలివాళ్లు ఇంకో మెకానిక్‌కి చేసుకుంటారు. ఎత్తిన ప్రతివాళ్లకీ "రేపు పొద్దున్న వచ్చేస్తానండీ" అనేసేవాణ్ని. కిందకి దిగేసరికి ఎవరికి ఏం చెప్పానో గుర్తుండేది కాదు. మర్నాడు మధ్యాహ్నం "ఏటి బాబూ, పొద్దున్న వస్తానని చెప్పి ఇంకా రాలేదేటి?" అని ఫోను.

విజయనగరంలో ఏసీ, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ పనులు చేస్తాను. నాతోపాటు ఇద్దరు కుర్రాళ్లు, ఇంట్లో ఫోన్ చూసుకునే మా ఆవిడ. ఇంతే మా సంస్థ. నెలనెలా అద్దె కట్టే సాఫ్ట్‌వేర్ ఏదీ కొనకుండా, అందరి ఫోన్లలోనూ ఉండే వాట్సాప్, గూగుల్‌తోనే బుకింగ్ ఏర్పాటు చేసుకున్నాం. వాటర్ ప్యూరిఫయర్ ఫిల్టర్లు మార్చేవాళ్లు, ప్లంబర్లు, ఎలక్ట్రీషియన్లు, ఇంటికెళ్లే బ్యూటీషియన్లు ఎవరైనా ఇలాగే పెట్టుకోవచ్చు.

ఒక మాట ముందే చెప్పేస్తాను. వివరాలు అడగడం, రాసుకోవడం, గుర్తు చేయడం ఫోనుకి వదిలేయండి. "వస్తాను" అన్న మాట మాత్రం మీరే ఇవ్వండి. మొదటి సీజన్‌లో నేను దీనికి తలకిందులుగా చేశాను. ఫారం నింపగానే "మీ బుకింగ్ ఖాయం" అని మెసేజ్ వెళ్లిపోయేలా పెట్టాను. ఒక ఆదివారం పొద్దున్న స్లాట్‌కే ఐదిళ్లకి పెద్ద రిపేర్లు ఖాయమైపోయాయి. మేం ముగ్గురం. ఆ రోజు తిన్న తిట్లు ఇప్పటికీ గుర్తే.

ముందు కాగితం, పెన్ను

ఏ యాప్ తెరవకముందే ఒక సాయంత్రం కూర్చుని మీ పనుల జాబితా రాయండి. ఒక్కోదానికి ఎంతసేపు పడుతుందో పక్కన వేయండి. మాకు స్ప్లిట్ ఏసీ జెట్ సర్వీసుకి గంట. గ్యాస్ లీకు వెతికి, అతికి, నింపాలంటే మూడు గంటలు. ఫ్రిజ్ చూడ్డానికి అరగంట, బాగుచేయడం ఆ దేవుడి దయ. దారిలో పోయే టైము కూడా కలపండి. దాసన్నపేట నుంచి కంటోన్మెంట్ దగ్గరే అనిపిస్తుంది గానీ, సాయంత్రం గంటస్తంభం మీదుగా వెళ్లాలంటే ఆ దగ్గర దగ్గర కాదు.

ఆ లెక్క చూశాక రోజుని మూడు ముక్కలు చేశాను: 8 నుంచి 11, 11 నుంచి 2, 3:30 నుంచి 6:30. "పదింటికి వస్తాను" అని గడియారం చూసి మాటివ్వడం మానేశాను. "8 నుంచి 11 లోపు వస్తాం, బయల్దేరే ముందు ఫోన్ చేస్తాం" అంటే ఎవరూ గొడవ పెట్టరు. ఒక్కో మెకానిక్‌కి ఒక్కో ముక్కలో రెండు సర్వీసులు, లేదా ఒక పెద్ద రిపేరు. అంతకి మించి ఒప్పుకోను.

ఊరి బయటివాటికి రోజులు కట్టేశాం. నెల్లిమర్ల వైపు మంగళ, శుక్రవారాలు. గజపతినగరం రోడ్డు గురువారం. భోగాపురం వైపు శనివారం. లేకపోతే ఒక్క కెపాసిటర్ మార్చడానికి పెట్రోలు కాల్చుకుని వెళ్లిరావాలి.

పని పెట్టుకోకూడని రోజుల్ని కూడా అప్పుడే రాసుకోండి. సంక్రాంతి, దసరా ఎలాగూ ఉంటాయి. మా ఊళ్లో దసరా వెళ్లాక వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవం. ఆ రోజూ, ముందు రోజు తొలేళ్లకీ మూడులాంతర్లు, కోట చుట్టుపక్కల బండి కదలదు. ఒక ఏడు తెలియక బుకింగ్ తీసుకుని, టూల్ బ్యాగు నెత్తిన పెట్టుకుని జనంలో నడిచాను.

మొదటి మెట్టు: వాట్సాప్ బిజినెస్

ప్లే స్టోర్‌లో ఉచితంగా దొరికే వాట్సాప్ బిజినెస్ యాప్ వేసుకోండి. మామూలు వాట్సాప్‌లో ఉన్న నంబరునే దీంట్లోకి మార్చుకోవచ్చు, కానీ నా సలహా పనికి వేరే సిమ్ తీసుకోమనే. పెళ్లి ఫొటోలు, గుడ్ మార్నింగ్ పువ్వుల మధ్య కస్టమర్ మెసేజ్ కనబడదు. మార్చేముందు బ్యాకప్ తీసుకోవడం మరవద్దు.

బిజినెస్ టూల్స్ అని ఉన్నచోట (కొన్ని ఫోన్లలో ఉత్తి టూల్స్ అనే ఉంటుంది) మూడు పనులు చేయాలి.

గ్రీటింగ్ మెసేజ్ ఆన్ చేయండి. మీకు మొదటిసారి మెసేజ్ పెట్టినవాళ్లకి, లేదా 14 రోజులుగా మాట్లాడనివాళ్లు మళ్లీ పలకరించినప్పుడు ఇది దానంతటదే వెళ్తుంది. మాది ఇలా ఉంటుంది:

"నమస్కారమండీ. ఇప్పుడు ఎవరింట్లోనో పనిలో ఉన్నాం. కింద లింకులో మీ పేరు, ఏరియా, ఏం పాడైందో నింపండి, రెండు నిమిషాల పని. సాయంత్రం 7 లోపు మేమే మెసేజ్ చేసి రోజు, టైము ఖాయం చేస్తాం. నింపడం కుదరకపోతే మీ వివరాలు వాయిస్ మెసేజ్‌లో చెప్పండి, మేమే రాసుకుంటాం."

చివరి వాక్యం మా ఆవిడ పట్టుబట్టి పెట్టించింది. పెద్దవాళ్లు ఫారాలు నింపరు, వాయిస్ మాత్రం బ్రహ్మాండంగా పెడతారు. నిజానికి ఆ ఒక్క వాక్యమే ఎక్కువ బుకింగ్‌లు తెచ్చింది.

రెండోది "అవే" (Away) మెసేజ్, అంటే మనం అందుబాటులో లేమని చెప్పేది. దాన్ని పని వేళలు దాటాక మాత్రమే వెళ్లేలా పెట్టండి. ఎప్పుడూ వెళ్లేలా పెడితే మీరు ఎదురుగా మాట్లాడుతుండగా కూడా మధ్యలో దూరి చిరాకు తెప్పిస్తుంది.

క్విక్ రిప్లైలు 50 వరకు దాచుకోవచ్చు. చాట్‌లో గీత గీసి (అదే, స్లాష్ గుర్తు) పేరు కొడితే మొత్తం మెసేజ్ వచ్చేస్తుంది. విజిటింగ్ చార్జీ ఎంత, గ్యాస్ ఎంత, గ్యారంటీ ఎన్ని రోజులు, రోజూ వందసార్లు అడిగేవి అవే కదా. లేబుళ్లు కూడా ఉన్నాయి. మేం నాలుగే వాడతాం: కొత్తది, ఖాయం, పార్టు రావాలి, డబ్బు రావాలి.

రెండో మెట్టు: ఫారం

గూగుల్ ఫామ్స్‌లో కొత్త ఫారం తెరిచి తెలుగులోనే ప్రశ్నలు రాయండి. ఏడుకి మించొద్దు. పేరు, ఫోన్ నంబరు, ఏరియా, ఇంటి గుర్తు, ఏ వస్తువు, ఏం ఇబ్బంది, ఏ రోజు ఏ ముక్కలో వీలు. ఏడోదాన్ని తేదీ, స్లాట్ అని రెండుగా అడగాలి కాబట్టి లెక్కకి ఎనిమిదవుతుంది, ఏం ఫరవాలేదు.

ఇక్కడ కొంచెం నిదానంగా చదవండి, దెబ్బలు తగిలేది ఇక్కడే.

ఫోన్ నంబరు దగ్గర రెస్పాన్స్ వాలిడేషన్ పెట్టండి. నంబర్ అని ఎంచుకుని, 6000000000కీ 9999999999కీ మధ్య ఉండాలని చెప్పండి. మన మొబైల్ నంబర్లన్నీ 6, 7, 8, 9లతోనే మొదలవుతాయి, అంకెలు పది. ఒక అంకె తక్కువ కొట్టినా ఫారం ముందుకెళ్లనివ్వదు. ఇది పెట్టకముందు తొమ్మిది అంకెల నంబర్లు పట్టుకుని ఇల్లు వెతుక్కుంటూ తిరిగిన రోజులున్నాయి.

ఏరియాని టైపు చేయమనకండి, డ్రాప్‌డౌన్‌లో ఇవ్వండి. టైపు చేయమంటే "తోటపాలెం" ఒక్కటే ఐదు రకాలుగా వస్తుంది, తరువాత లెక్కలు కుదరవు. ఇంటి గుర్తు మాత్రం వాళ్ల మాటల్లోనే రాయనివ్వండి. "అమ్మవారి గుడి పక్క సందు, ఆకుపచ్చ గేటు" అన్నది డోర్ నంబరు కంటే వెయ్యి రెట్లు మేలు.

పాడైన వస్తువు ఫొటో ఫారంలోనే అడగాలనిపిస్తుంది. అడగకండి. ఫైల్ అప్‌లోడ్ ప్రశ్న పెడితే కస్టమర్ గూగుల్ అకౌంట్‌లోకి లాగిన్ అయితేనే ఫారం తెరుచుకుంటుంది, సగంమంది అక్కడే వదిలేస్తారు. ఫొటో, లొకేషన్ వాట్సాప్‌లో పంపమనండి. అలాగే సెట్టింగ్స్‌లో ఈమెయిల్ సేకరణ, ఒక్కరికి ఒకే జవాబు అనే రెండూ ఆపేయండి.

గూగుల్ క్యాలెండర్‌లో అపాయింట్‌మెంట్ షెడ్యూల్ అని ఉంది కదా, ఖాళీ టైములు చూపించి కస్టమరే ఎంచుకుంటాడు, అది వాడొచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. ఉచిత అకౌంట్‌లో కూడా ఒక బుకింగ్ పేజీ ఇస్తుంది, చూడ్డానికి ముచ్చటగానూ ఉంటుంది. కానీ బుక్ చేసేవాళ్లు ఈమెయిల్ ఇవ్వాలి. ట్యూషన్ టీచర్లకి, కన్సల్టెంట్లకి బాగుంటుంది. ఫ్రిజ్ ఆగిపోయి పాలు విరిగిపోతున్న ఇల్లాలిని ఈమెయిల్ అడిగే ధైర్యం నాకు లేదు.

ఫారం పంపాక కనిపించే మెసేజ్‌ని ప్రెజెంటేషన్ సెట్టింగ్స్‌లో మార్చండి. "మీ వివరాలు అందాయి. ఇది ఇంకా ఖాయం కాలేదు. సాయంత్రం 7 లోపు వాట్సాప్ చేస్తాం." రెండో వాక్యం తప్పకుండా ఉండాలి.

మూడో మెట్టు: షీటు

ఫారంలో రెస్పాన్సెస్ దగ్గర షీట్స్‌కి లింకు చేయమని నొక్కితే ప్రతి బుకింగూ ఒక వరుసగా వచ్చి చేరుతుంది. వెంటనే ఫైల్ మెనూలో సెట్టింగ్స్ తెరిచి లొకేల్ (తేదీలు ఏ దేశం పద్ధతిలో చూపాలో చెప్పేది) ఇండియా అని, టైమ్ జోన్ మనదే అని చూసుకోండి.

ఇదెందుకంటే, ఒక జూన్ మొదటివారంలో బాబామెట్ట నుంచి ఒక బామ్మగారి తరఫున బుకింగ్ వచ్చింది. షీటులో 6/7 అని ఉంది. జూలై ఆరు కదా, బోలెడు టైముందిలే అని వదిలేశాను. ఏడో తారీఖు సాయంత్రం ఫోను, "నాయనా, నువ్వొస్తావని పొద్దుట్నుంచి తలుపు తీసే ఉంచాను" అని. నా షీటు అమెరికా పద్ధతిలో నెల ముందు, రోజు తరువాత చూపిస్తోంది. ఆవిడ అడిగింది జూన్ ఏడు. ఆ రాత్రే వెళ్లి చేసిచ్చాను, విజిటింగ్ చార్జీ తీసుకోలేదు. తీసుకోమని ఆవిడ ఎంత అడిగినా చేయి చాచబుద్ధి కాలేదు.

ఫారం నింపిన కాలమ్‌లకి కుడివైపు మనవి నాలుగు కలపండి: స్థితి, మెకానిక్ పేరు, ఖాయమైన తేదీ, ఖాయమైన స్లాట్. స్థితి దగ్గర డ్రాప్‌డౌన్ పెట్టి కొత్తది, ఖాయం, అయిపోయింది, రద్దు అని ఇవ్వండి. కాలమ్‌లని మధ్యలో దూర్చకండి, చివర్లోనే చేర్చండి.

రెండో ట్యాబులో చిన్న పట్టిక వేయండి. అడ్డంగా మూడు స్లాట్లు, నిలువుగా రాబోయే పది రోజులు. ఒక్కో గడిలో కౌంట్‌ఇఫ్స్ (COUNTIFS) ఫార్ములాతో ఆ తేదీకి, ఆ స్లాట్‌కి "ఖాయం" అని ఎన్ని ఉన్నాయో లెక్క వచ్చేలా చేయండి. కండిషనల్ ఫార్మాటింగ్‌తో మీ హద్దు చేరగానే గడి ఎర్రబడేలా పెట్టండి. మాకు ఆరు, ముగ్గురం తలా రెండు. సాయంత్రం టీ తాగుతూ ఈ పట్టిక చూస్తే రేపటి పరిస్థితి అర నిమిషంలో తెలిసిపోతుంది.

ఫోన్ చేసి చెప్పినవాళ్లు, వాయిస్ పెట్టినవాళ్లు, రోడ్డు మీద ఆపి అడిగినవాళ్లు, అందరివీ మా ఆవిడ ఇదే ఫారంలో నింపుతుంది. పుస్తకంలో కొన్ని, షీటులో కొన్ని అయితే ఆ ఎర్ర గడిని నమ్మలేం.

నాలుగో మెట్టు: ఒక్క నొక్కుతో ఖాయం మెసేజ్

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. వాట్సాప్‌కి ఒక సౌకర్యం ఉంది. డబ్ల్యూఏ డాట్ ఎంఈ, స్లాష్, 91 (wa.me/91), ఆ తరువాత కస్టమర్ నంబరు కలిపి లింకుగా రాస్తే, నంబరు సేవ్ చేయకుండానే వాళ్ల చాట్ తెరుచుకుంటుంది. వెనకాల ప్రశ్న గుర్తు, టెక్స్ట్ అనే మాట, సమానం గుర్తు (?text=) పెట్టి మెసేజ్ కూడా జతచేస్తే అది టైపు చేసి సిద్ధంగా ఉంటుంది. పంపు బటన్ నొక్కడమే మన పని.

షీటులో ఇంకో కాలమ్ పెట్టి, హైపర్‌లింక్ (HYPERLINK) ఫార్ములాతో ఆ వరుసలోని పేరు, ఖాయమైన తేదీ, స్లాట్, మెకానిక్ పేరు కలిపి లింకు తయారుచేయండి. తెలుగు అక్షరాలు లింకులో చెదిరిపోకుండా మెసేజ్ భాగాన్ని ఎన్‌కోడ్‌యూఆర్‌ఎల్ (ENCODEURL) ఫంక్షన్‌లో, తేదీని టెక్స్ట్ (TEXT) ఫంక్షన్‌లో చుట్టాలి. తేదీని చుట్టకపోతే కస్టమర్‌కి తేదీ బదులు ఐదంకెల నంబరు వెళ్తుంది.

వెళ్లే మెసేజ్: "నమస్కారమండీ, మీ ఏసీ సర్వీసు గురువారం, 8 నుంచి 11 మధ్య ఖాయం. మా కుర్రాడు బయల్దేరే ముందు ఫోన్ చేస్తాడు. అవుట్‌డోర్ యూనిట్ దగ్గరికి వెళ్లే దారి, ఒక బకెట్ నీళ్లు సిద్ధంగా ఉంచండి. మీ వీధిలో లైన్ పనులకి కరెంటు తీస్తామని చెప్పి ఉంటే ముందే చెప్పండి." కరెంటు లేకపోతే ఏసీ కడగగలం గానీ వేసి చూడలేం, మళ్లీ వెళ్లాలి.

అయిదో మెట్టు: క్యాలెండర్‌లోకి దానంతటదే

కుర్రాళ్లకి షీటు ఇవ్వకండి, తికమకపడతారు. గూగుల్ క్యాలెండర్‌లో "సర్వీసు" పేరుతో విడిగా ఒక క్యాలెండర్ తెరిచి వాళ్లకి చూసే అనుమతి మాత్రం ఇవ్వండి. సిరిమాను లాంటి రోజులు ముందే దాంట్లో మూసేయండి. ఈ మెట్టుకి కంప్యూటర్ కావాలి. ఫోను యాప్‌లో ఎక్స్‌టెన్షన్స్ మెనూ ఉండదు. నెట్ సెంటర్లో గంట కూర్చున్నా చాలు గానీ, లేచే ముందు మీ అకౌంట్ లాగవుట్ చేయండి.

షీటులో ఎక్స్‌టెన్షన్స్, ఆ తరువాత యాప్స్ స్క్రిప్ట్ తెరవండి. షీటు తనంతట తను ఏం చేయాలో చెప్పే కోడ్ అక్కడ పెట్టాలి. కోడింగ్ నాకూ రాదు. జెమిని, చాట్‌జీపీటీ లాంటివాటిలో ఏదో ఒకదాన్ని తెలుగులోనే ఇలా అడిగాను: "నా షీటులో స్థితి కాలమ్‌ని ఖాయం అని మార్చగానే, ఖాయమైన తేదీ, స్లాట్ చూసి సర్వీసు అనే క్యాలెండర్‌లో ఈవెంట్ పెట్టాలి. పేరులో ఏరియా, వస్తువు ఉండాలి. వివరాల్లో ఫోన్ నంబరు, ఇంటి గుర్తు, ఇబ్బంది ఉండాలి. ఈవెంట్ ఐడీని చివరి కాలమ్‌లో రాయాలి, అక్కడ ఐడీ ఉంటే కొత్తది పెట్టకుండా పాతదాన్నే మార్చాలి. రద్దు అని మారిస్తే ఈవెంట్ తీసేయాలి." కాలమ్ పేర్లు వరుసగా ఇవ్వాలి. అది రాసిచ్చిన కోడ్‌ని అతికించి సేవ్ చేయడమే.

ఐడీ (ఒక్కో ఈవెంట్‌కి క్యాలెండర్ ఇచ్చే గుర్తింపు) గురించి అంత పట్టుబట్టడానికి కారణం ఉంది. అది లేకపోతే స్థితిని రెండుసార్లు ముట్టుకున్నప్పుడల్లా రెండో ఈవెంట్ పుడుతుంది, కుర్రాడు ఒకే ఇంటికి రెండుసార్లు వెళ్తాడు.

కోడ్ పెట్టినా పనిచేయట్లేదని చాలామంది వదిలేసేది ట్రిగ్గర్ దగ్గర, అంటే కోడ్ ఎప్పుడు నడవాలో చెప్పే మీట దగ్గర. మామూలు ఆన్‌ఎడిట్ అనే సాదా ట్రిగ్గర్‌కి క్యాలెండర్‌ని ముట్టుకునే అధికారం ఉండదు. ఎడమవైపు గడియారం బొమ్మ నొక్కి, యాడ్ ట్రిగ్గర్ అని మీరే ఆన్ ఎడిట్‌కి ట్రిగ్గర్ పెట్టాలి. అనుమతి అడిగేటప్పుడు, ఈ యాప్‌ని గూగుల్ పరిశీలించలేదు అన్న హెచ్చరిక వస్తుంది. అది మీరే పెట్టుకున్న కోడ్ కాబట్టి అడ్వాన్స్‌డ్ నొక్కి ముందుకెళ్లండి. ఎవరో పంపిన లింకులో అదే హెచ్చరిక వస్తే మాత్రం వెనక్కి వచ్చేయండి. చివరగా ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో టైమ్ జోన్ కోల్‌కతా అని ఉందో లేదో చూడండి. లేకపోతే పొద్దున్న ఎనిమిది పని రాత్రికి పడుతుంది.

వారం రోజులు మీ ఇంటివాళ్ల పేర్లతోనే ఉత్తుత్తి బుకింగ్‌లు పెట్టి చూశాకే లింకు బయటికివ్వండి.

గుర్తు చేయడం, అడ్వాన్సు, మళ్లీ పిలిపించుకోవడం

ముందు రోజు సాయంత్రం వెళ్లే గుర్తు మెసేజ్‌కి కూడా నాలుగో మెట్టు లింకే, మాటలు మార్చి. పూర్తిగా ఆటోమేటిక్ చేయాలంటే వాట్సాప్ డబ్బు తీసుకునే ఏపీఐ పద్ధతికి (సాఫ్ట్‌వేరే మెసేజ్‌లు పంపే పద్ధతి) వెళ్లాలి. ఎస్సెమ్మెస్ అంటే టెలికాం నిబంధనల ప్రకారం డీఎల్‌టీ రిజిస్ట్రేషన్ (పంపేవాళ్ల వివరాలు, మెసేజ్ నమూనా టెలికాం కంపెనీల దగ్గర ముందే నమోదు చేయడం) ఉండాలి. రోజుకి పది పదిహేను పనులవాళ్లకి రెండూ దండగ. అలాగని నంబర్లు పోగేసి గంపగుత్తగా ఆఫర్లు పంపకండి. నలుగురు రిపోర్ట్ కొడితే మీ నంబరే పోవచ్చు.

అడ్వాన్సు సంగతి: ఊళ్లో తెలిసినవాళ్లని ముందే డబ్బడిగితే నొచ్చుకుంటారు, అడగను. ఊరి బయటకైతే విజిటింగ్ చార్జీ యూపీఐలో ముందే తీసుకుంటాను, పని చేస్తే బిల్లులో తగ్గిస్తాను. నెల్లిమర్ల దాకా వెళ్లి తాళం చూసి వచ్చాక పెట్టిన రూలు ఇది. డబ్బు వేస్తామని చెప్పి మిమ్మల్ని పిన్ కొట్టమన్నవాడు మోసగాడు. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు.

పని అయిపోయిన వరుసలో ఈడేట్ (EDATE) ఫార్ములాతో వచ్చే సర్వీసు తేదీ వేయించండి. భోగాపురం వైపు సముద్రపు గాలికి అవుట్‌డోర్ కాయిల్ త్వరగా తుప్పు పడుతుంది, వాళ్లకి నాలుగు నెలలు. ఊళ్లోవాళ్లకి ఆరు. ప్రతి నెలా ఒకటో తారీఖున ఆ జాబితా తీసి ఒక్కొక్కరికీ మెసేజ్ పెడతాం. ఖాళీ నెలల్లో మాకు అన్నం పెట్టేది షీటులోని ఈ తేదీల కాలమ్మే.

గూగుల్ మ్యాప్స్‌లో మీ బిజినెస్ ప్రొఫైల్ ఉంటే ఫారం లింకుని అక్కడా పెట్టండి. ఇంటి నుంచే పనిచేసేవాళ్లు అడ్రస్ దాచేసి, తిరిగే ఊళ్లు మాత్రం 20 వరకు ఇవ్వచ్చు.

ఇదంతా పెట్టుకోవడానికి సంక్రాంతి వెళ్లాక ఫిబ్రవరి సరైన టైము. ఏప్రిల్‌లో మొదలెడితే నిచ్చెన మీదే కూర్చుని ఫారం చేయాల్సివస్తుంది.

షీటులో జనాల ఇళ్ల గుర్తులు, నంబర్లు, ఎప్పుడు ఇంట్లో ఉంటారో కూడా ఉంటాయి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సంగతి అటుంచి, మనల్ని నమ్మి తలుపు తీసినవాళ్ల వివరాలవి. షీటు లింకుని "ఎవరైనా చూడొచ్చు" అని పెట్టకండి. వాట్సాప్‌కీ, గూగుల్ అకౌంట్‌కీ టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టండి. కుర్రాడు పని మానేస్తే, జీతం లెక్క చూసిన సాయంత్రమే క్యాలెండర్ షేరింగ్‌లోంచి అతని పేరు తీసేయండి.